ఉద్దానమున తుపాకి ఎవరిది?

జీడితోటలలో ఆఖరి పండ్లు రాలుచు, పనసచెట్ల మొదళ్ళయందు పక్వఫలముల పరిమళము ఊరి వెలుపలి ఇసుకదారుల మీదికి ప్రసరించుచుండెడి జ్యేష్ఠమాసమున, శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు రైతు తెల్లవారుజామున తోటకు పోవునపుడు చేత దుడ్డుకఱ్ఱయు, నోట పెద్ద కేకయు తప్ప వేఱొక ఆయుధము లేకయే పోవును. ఆ కేక ఎవరినో పిలుచుటకు గాదు. పొదలచాటున ఎలుగుబంటి యున్నచో మనుష్యుని రాక దానికి ముందుగా తెలిసి తొలగిపోవలెనని. ఆ జాగ్రత్త చాలని దినములు కూడ ఉండును. 2018లో సోంపేట మండలమందలి ఎఱ్ఱముక్కాం గ్రామమున భార్యాభర్తలిద్దఱు ఎలుగు వాతబడి మరణించిరి. 2022 జూన్ నెలలో వజ్రపుకొత్తూరు మండలమందలి కిడిసింగి గ్రామమున ఒక ఎలుగు తోటకు పోయిన రైతును చంపి, ఆ వెంటనే మఱికొందఱిని రక్తసిక్తులను గావించెను. తుదకు దూరమున నున్న విశాఖపట్టణపు జంతుప్రదర్శనశాల నుండి వైద్యులు వచ్చి, మత్తుమందు సూదిని తుపాకితో ప్రయోగించి దానిని పట్టిరి. పట్టుబడిన మృగము కూడ బ్రదుకలేదు.

ఆ సంఘటన జరిగిన కొన్నినాళ్ళకు నేను ఆ ప్రాంతమున ఒక పల్లెలో, కొబ్బరిచెట్ల నీడను, ఒక వృద్ధరైతు ఇంటి అరుగుపై కూర్చుంటిని. ఆయన జీడిగింజలు ఎండబోసిన పరదా మీదనుండి కోళ్ళను అదలించుచు, నన్నొక ప్రశ్న అడిగెను. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము గనుక ఆయన మాటలలోనే దానిని ఇచ్చట ఉంచెదను.

"ఏటి బావూ, ఎలుగొచ్చి మీద పడిపోతే ఈ కర్రట్టుకొని ఏటి సేస్తాం? మా మనవడు అమెరికాలో ఉన్నాడు. అక్కడ కిరానా కొట్టుకెల్లినట్టెల్లి తుపాకి కొనుక్కుంటారంట. ఎవుల్నీ అడగక్కర్లేదంట. మరి మాకెందుకియ్యరు?"

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. పట్టణమున గ్రంథములు తిరగవేయువానికి ఈ ప్రశ్న అమాయకముగా తోచవచ్చును గాని, ఎలుగు పంజా దెబ్బకు ముఖము చీలిన మనుష్యులను ఎఱిగిన గ్రామమున అడుగబడినపుడు దానిలో అమాయకత్వమేమియు లేదు. ఒక రాజ్యము తన ప్రజల చేతులనుండి ఆయుధమును తీసివేసినపుడు, లేక వారి చేతులలో ఉండనిచ్చినపుడు, దేనిని నమ్మి ఆ పని చేయుచున్నదో తెలిసికొనదలచిన వానికి అంతకంటె సూటియైన ప్రశ్న లేదు.

ముందుగా చెప్పవలసిన దేమనగా, మన చట్టము ఆ వృద్ధుని మఱచిపోలేదు. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టమున 13వ సెక్షనును ఓపికతో చదివినవారికి అందులో పంట కాపాడుకొను సేద్యగాడు ప్రత్యక్షముగా కనబడును: పంటరక్షణ నిమిత్తమై నిజముగా వినియోగింపదలచిన వానికి గొట్టము ముందునుండి మందు దట్టించు నాటు తరహా తుపాకికిని, ఆత్మరక్షణకో వేటక్రీడకో కోరువానికి 20 అంగుళములకు తగ్గని పొడవుగల నునుపు గొట్టపు తుపాకికిని, నిరాకరించుటకు చట్టము చెప్పిన కారణములు లేనియెడల, లైసెన్సు ఇయ్యవలెనని అందు వ్రాయబడియున్నది. పిస్తోలు, రివాల్వరు కోరువాని పరిస్థితి వేఱు; అతడు తన అవసరమును అధికారికి నచ్చచెప్పుకొనవలెను. అనగా 1959లో శాసనము చేసినవారి దృష్టిలో ఆయుధమునకు మొదటి అర్హుడు పట్టణపు ధనవంతుడు కాడు, అడవి అంచున చేను గల కాపు. ఈ సంగతి ఉద్దానమున బహుకొద్దిమందికే తెలియును. తెలిసినను, జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరునకు దరఖాస్తు పెట్టి, ఠాణానుండి విచారణకు వచ్చువారికి తన నడవడిని నిరూపించుకొని, 2016 నాటి నియమములు కోరునట్లు ఆయుధమును భద్రముగా వాడుటలో శిక్షణ పొందినట్లు ధ్రువపత్రము సమర్పించి, ఇంట దానిని పదిలపఱచు ఏర్పాటు చూపి, దేశమంతటికి ఒకటిగా ఏర్పఱచిన లైసెన్సుల జాబితాలో తన పేరునకు ఒక సంఖ్య పొందువఱకు, ఎకరము రెండెకరముల జీడితోట గలవాడు ఎన్ని దినముల కూలి పోగొట్టుకొనవలెనో, ఎన్నిమాఱులు శ్రీకాకుళమునకు బస్సెక్కవలెనో ఊహించుట కష్టము గాదు.

నా చిన్ననాట టెక్కలికి సమీపమున మా మేనమామగారి ఇంట అట్టి తుపాకి యొకటి ఉండెడిది. దానిని ఆయన నడవలో ఎత్తున మేకులకు తగిలించి, పిల్లలము దాని క్రిందుగా పరుగెత్తినను కోపించెడివారు. మందు వేఱొక గదిలో, గుండ్లు ఇనుపపెట్టెలో, తాళము తమ మొలత్రాటికి. సంవత్సరమునకు రెండు మూడు పర్యాయములు, చెఱకుతోటలో అడవిపందుల సవ్వడి వినవచ్చిన రాత్రి, ఆయన దానిని దించి, మందు దట్టించి, ఆకాశమునకు గుఱిపెట్టి పేల్చెడివారు. ఒక జంతువునైనను చంపగా నేను చూడలేదు. ఎన్నికల ప్రకటన వెలువడినంతనే మాత్రము ఆయన ఆ తుపాకిని గోనెపట్టలో చుట్టి, రిక్షాలో ఠాణాకు తీసికొనిపోయి, అప్పగించి, రసీదు తెచ్చుకొనెడివారు. ఫలితములు వచ్చి కోలాహలము చల్లారిన పిదప మరల పోయి తెచ్చుకొనెడివారు. పందులకు ఎన్నికలతో సంబంధము లేదు గదా యని మా అత్తయ్య విసుగుకొన్నపుడు, "మనుషులకున్నది కదే" యని ఆయన అనుట నాకు జ్ఞాపకము. ఆయన గతించిన పిమ్మట కుమారులు ఆ తుపాకిని జాగు చేయక ఠాణాలో ఒప్పగించిరి. చట్టము వారసులను అట్లే చేయుమనుచున్నది. తిరిగి తమ పేర లైసెన్సు పొందుటకు ఎవరును పూనుకొనలేదు.

ఈ నిబంధనలలో నన్ను మిక్కిలి ఆకర్షించినది ఇంకొకటి కలదు. లైసెన్సు పొందినవాడు సైతము తన ఆయుధమును ఎక్కడికి బడితే అక్కడికి తీసికొనిపోరాదు. తిరునాళ్ళకు, దేవుని ఊరేగింపునకు, సభలకు, విద్యాలయ ప్రాంగణములకు దానిని కొనిపోవుట లైసెన్సు షరతులు చిరకాలముగా నిషేధించినవి. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరలో జనము ఒకరి భుజము నొకరు ఒరసికొని నడచుచుండగా, కార్తికమాసపు సోమవారమున రావివలసలో ఎండల మల్లికార్జునుని చుట్టు భక్తులు క్రిక్కిఱిసి నిలువగా, ఆ వేలమందిలో ఏ ఒక్కని మొలలోను తుపాకి ఉండదను నిశ్చయముతో తల్లులు పిల్లలను చేయి వదలి ఆటబొమ్మల అంగళ్ళవైపు పోనిచ్చుచున్నారు. ఆ నిశ్చింత ఎంత గొప్ప సంపదయో అది లేని దేశమునకు పోయినగాని తెలియదు. వివాహములలో సంబరమునకై తుపాకి పేల్చు ఉత్తరాది దురాచారమును శిక్షార్హమొనర్చుచు 2019లో చట్టము సవరింపబడినపుడు ఉద్దానమున ఎవరును దానిని గమనింపలేదు. మన పెండ్లిండ్లలో పేలునవి టపాకాయలే. ఆ సవరణయే ఒకనికి ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడునుండి రెంటికి తగ్గించి, లైసెన్సు కాలమును అయిదేండ్లకు పెంచి, లైసెన్సు లేక తుపాకి కలిగియున్నవానికి కనీసము రెండేండ్ల కారాగారమును విధించెను.

ఇంతటి కట్టుదిట్టము మనకు ఎక్కడినుండి వచ్చినది? దీనికి మూలము మన క్షేమము గాదని ఒప్పుకొనక తప్పదు. 1857 నాటి తిరుగుబాటు కలిగించిన భయము చల్లారకమునుపే, 1878లో, లిట్టను ప్రభువు కాలమున, విదేశీ ప్రభుత్వము భారతీయులను నిరాయుధులను చేయు శాసనమును తెచ్చెను. మన్యమున 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి చేసి 26 తుపాకులను, రెండువేల అయిదువందలకు పైగా తూటాలను స్వాధీనపఱచుకొన్నపుడు, ఆయన తన అనుచరుల కొఱకు వెదకినది ధనము గాదు, ధాన్యము గాదు. చట్టము వారికి నిషేధించిన ఆ వస్తువునే. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రజల మౌలిక హక్కులను ఉద్ఘాటించినపుడు, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కు అందు ఒకటిగా చేరెను. కాని స్వరాజ్యము వచ్చిన పిమ్మట, 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు హెచ్. వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగమున చేర్పవలెనని సవరణ ప్రతిపాదింపగా అంబేద్కరు దానికి అంగీకరింపలేదు, సభయు ఆమోదింపలేదు. మన రాజ్యాంగము 19వ అధికరణమున పౌరునకు ఇచ్చిన హక్కు ఆయుధము ధరించుట గాదు, శాంతియుతముగా, నిరాయుధులై సమావేశమగుట. ఆ 'నిరాయుధులై' అను మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనగోరెదను. ప్రజలు ఆయుధము లేక కూడుదురు. వారిపై ఆయుధము ఎత్తబడదు అను ఒప్పందము ఆ మాటలో ఇమిడియున్నదని నేను నమ్ముచున్నాను.

ఉద్దానపు చరిత్రను ఆ మాటతో ఒరసి చూచిన యెడల హృదయము క్షోభించును.

స్వరాజ్యమునకు పూర్వపు సంగతి మొదట. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగెను. జమీందారీలలో, అందును మందస జమీందారీలో, అడవినుండి వంటచెఱకు తెచ్చుకొను హక్కు సయితము లేక బాధపడుచున్న రైతులకు ఆ సభ ధైర్యము నూరిపోసినది. అటుపిమ్మట కొలదిదినములకే, ఏప్రిల్ 1వ తేదీన, గుడారి రాజమణిపురమునకు పోలీసులు వచ్చి రైతులను నిర్బంధించి తీసికొనిపోవుచుండగా, స్త్రీలు దారికి అడ్డముగా నిలిచిరి. వారిలో ముందు నిలిచిన గున్నమ్మ గర్భవతి. తుపాకులు పేలినవి. గున్నమ్మయు, ఆమెతోపాటు మఱికొందఱు రైతులును నేలకొరిగిరి. నేటికిని ఆ ప్రాంతపువారు ఆమెను వీరగున్నమ్మ యనియే పిలుచుచున్నారు. ఆమె అడిగినది కట్టెలు. ఆమె చేతిలో ఆయుధము లేదు.

స్వరాజ్యము వచ్చి ఇరువదియేండ్లు గడచెను. 1967 అక్టోబరు 31వ తేదీన, ఆనాటి శ్రీకాకుళము జిల్లాలో, మొండెంఖల్లులో జరుగు గిరిజన సంఘ మహాసభకు నడచిపోవుచున్న గిరిజనులపై లేవిడి గ్రామమున భూస్వాముల పక్షమువారు కాల్పులు జరిపిరి. కోరన్న, మంగన్న అను ఇద్దఱు మరణించిరి. ఇచ్చట పేలినది పోలీసు తుపాకి కాదు, ఊరిలోని పెద్ద ఇంటి తుపాకి. ఆ కేసున నిందితులు 1968లో నిర్దోషులుగా విడుదలయైరి. అదియే ఏడాది నవంబరులో ఉద్దానమున గరుడభద్రలో రైతులు భూస్వామి పంటను కోసికొనిరి. కొండలలో గిరిజనులు షావుకారుల ఇండ్లపై పడిరి. విల్లంబులతో, నాటు తుపాకులతో ఆరంభమైన ఆ సాయుధపోరాటమున భూస్వాముల ఇండ్లలోని తుపాకులను వశపఱచుకొనుట ఒక కార్యక్రమమే అయ్యెను. న్యాయస్థానమున తీరని లేవిడి లెక్కను తుపాకితోనే తీర్చుకొందుమని యువకులు బయలుదేరిరి. బొడ్డపాడు గ్రామమునుండి చదువుకొన్నవారు, జముకుల కథలతో పల్లెపల్లెను కదలించిన కవి సుబ్బారావు పాణిగ్రాహి వంటివారు ఆ మార్గమున పోయిరి. ప్రభుత్వము 1969లో ఈ ప్రాంతమును కల్లోలిత ప్రాంతముగా ప్రకటించెను. ఆ ఏడు మే 27న పోరాట నాయకుడు పంచాది కృష్ణమూర్తియు, డిసెంబరు 22న పాణిగ్రాహియు, పంచాది నిర్మలయు పోలీసు కాల్పులలో మరణించిరి. 1970 జూలై 10న ఆ పోరాటపు ముఖ్యనాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము అట్లే గతించిరి. 'ఎన్‌కౌంటర్' అను ఆంగ్లపదము తెలుగు పల్లెలలో నిరక్షరాస్యులైన తల్లులకు సయితము అర్థమగు మాటగా మారినది ఆ సంవత్సరములలోనే. ఆ పోరాటమున హతులైనవారిలో భూస్వాములున్నారు, షావుకారులున్నారు, పోలీసులున్నారు. వారి ఇండ్లలోను తల్లులుండిరి. హింసామార్గమును నేను సమర్థింపను. అయినను మొదటి తూటా ఎవరిపై పేలినదో, దానికి శిక్ష ఎవరికిని పడలేదను సంగతిని విస్మరించి ఆ చరిత్రను చెప్పుట ధర్మము గాదు.

మఱి నలువది యేండ్లకు, 2010 జూలై 14న, సోంపేటవద్ద బీల చిత్తడినేలలలో తలపెట్టిన థర్మల్ విద్యుత్కేంద్రమును అడ్డగించిన రైతులపై, మత్స్యకారులపై పోలీసులు కాల్పులు జరిపిరి. బీల అనగా తెలియనివారికి అది పనికిరాని బురదనేల. చుట్టుపట్ల గ్రామములవారికి అది చెఱువు, చేను, చేపలవల, పశువుల మేత. ఏ అనుమతిని చేతబట్టుకొని ఆ కేంద్రపు నిర్మాణమునకు పూనుకొనిరో ఆ పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేటు అధికార సంస్థ ఆ దినములలోనే రద్దుచేయుట విధివైపరీత్యము. కొన్ని గంటలు, కొన్ని దినములు ఓపికపట్టియున్న ప్రాణములు నిలిచియుండెడివి గదా! పిమ్మట ఏడాదియైనను నిండకమునుపే, 2011 ఫిబ్రవరి 28న, టెక్కలికి సమీపమున సంతబొమ్మాళి మండలమందలి కాకరాపల్లి విద్యుత్కేంద్రమును ఎదిరించిన వడ్డితాండ్ర ప్రజలపై మరల తుపాకులు పేలినవి, ఇండ్లు దగ్ధమయ్యెను. అప్పుడును పనులు నిలుపుమని కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఆదేశించినది ప్రాణములు పోయిన పిదపనే.

ఈ నాలుగు ఘట్టములను వరుసగా నిలిపి చూచినపుడు ఉద్దానమున తుపాకి ఎవరిదో తెలియును. అది జమీందారు పక్షమున వచ్చిన పోలీసుది, భూస్వామిది, దళముది, మరల పోలీసుది. కొబ్బరికాయ దింపువానిది, జీడిగింజ ఒలుచుదానిది, వలలాగువానిది ఎన్నడును కాలేదు. ఇచ్చటి సామాన్యుని చేతికి తుపాకి వచ్చినదన్న అది సైన్యమున చేరినపుడే; సేవ ముగించి ఇంటికి వచ్చి, పన్నెండు బోరు తుపాకికి లైసెన్సు తీసికొని, ఏ బ్యాంకు గుమ్మమువద్దనో కావలి నిలిచినపుడే. అతనికి అది అధికారము గాదు, జీతమునకు ఆధారము.

ఇక ఆ వృద్ధుని మనుమడున్న దేశమును గూర్చి. అచ్చట 1791లో చేరిన రెండవ రాజ్యాంగ సవరణ ఆయుధమును ప్రజల హక్కుగా పేర్కొన్నది. ఆ హక్కు ప్రతి వ్యక్తిది యని 2008లోను, ఇంటివెలుపల తుపాకి ధరించుట కూడ అందు భాగమేనని 2022లోను వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఈ రెండవ తీర్పులో కొట్టివేయబడిన న్యూయార్కు శాసనము దాదాపు మన విధానమును పోలినదే: తగిన కారణము చూపినవానికే అనుమతి. టెక్సాసు రాష్ట్రమున 2021 సెప్టెంబరు 1 నుండి, ఇరువదియొక్క ఏండ్లు నిండి చట్టరీత్యా అనర్హుడు కానివాడు ఏ అనుమతిపత్రమును లేకయే పిస్తోలు ధరించి వీధిలో నడువవచ్చును. కాన్ససులో ఈ ఏర్పాటు 2015 నుండియే ఉన్నది. దుకాణదారు అమ్మునపుడు కొనుగోలుదారుని పూర్వచరిత్ర పరిశీలింపబడునేగాని, పొరుగువాడు పొరుగువానికి అమ్మునపుడు ఆ పరీక్షయు అనేక రాష్ట్రములలో లేదు.

ఆ మనుమనితో నేను ఫోనులో మాటలాడితిని. డల్లాసు శివారున ఉద్యోగము చేయుచున్నవాడు. తుపాకి గూర్చి అడుగగా అతడు మొదట చెప్పినది తుపాకుల సంగతి గాదు, పోలీసుల సంగతి. "రోడ్డు మీద పోలీసు కారు ఆపితే చేతులు రెండూ స్టీరింగ్ మీద కనబడేలా పెట్టి కూర్చోవాలండి. లైసెన్సు తీయాలన్నా ముందు చెప్పి తీయాలి. కదిలితే తుపాకి తీస్తున్నామనుకుంటాడు. వచ్చిన వారంలోనే మా సీనియర్లు నేర్పించారు." ఈ మాట విన్నపుడు నాకొక సంగతి స్ఫురించెను. ప్రజలందఱి యొద్దను తుపాకి యుండవచ్చునను దేశమున పోలీసు ప్రతి మనుష్యునియందును తుపాకినే చూచును. అతని భయము మన పిల్లల భయమగును. మన కాశీబుగ్గ కూడలిలో హోంగార్డు మోటారుసైకిలు ఆపినపుడు మన కుఱ్ఱవాడు విసుగుకొనును, బ్రతిమాలును, జరిమానా కట్టును. ప్రాణమును గూర్చి ఆలోచింపడు.

2017 ఫిబ్రవరి 22 రాత్రి కాన్ససులోని ఓలేతా పట్టణమున ఒక భోజనశాలలో ఒకడు ఇద్దఱు తెలుగు ఇంజనీర్లను ఏ దేశమువారని ప్రశ్నించి, వెడలగొట్టబడి, తుపాకితో తిరిగివచ్చి కాల్చెను. ఒక యువకుడు మరణించెను. రెండవవాడును, అడ్డుపడిన ఒక అమెరికా దేశస్థుడును గాయపడిరి. 2023 మే 6న డల్లాసు సమీపమున ఆలెన్ పట్టణపు అంగళ్ళ సముదాయములో ఎనిమిదిమందిని బలిగొన్న కాల్పులలో మరణించినవారిలో ఒక తెలుగు యువతియు ఉండెను. పెట్రోలు బంకులలో రాత్రివేళ పనిచేయు మన విద్యార్థులు దోపిడిగాండ్ర తూటాలకు గుఱియగు వార్తలు ఏటేట వినుచునేయున్నాము. ద్వేషము అన్ని దేశములయందు కలదు, దోపిడియు కలదు. కాని కోపము వచ్చిన నిమిషమునకును కోపము చల్లారు నిమిషమునకును నడుమ చేతికందునంత దూరమున తుపాకి ఉండుటయే అచ్చటి విశేషము.

కావున ఆ వృద్ధునకు నేను మరల పోయి చెప్పిన సమాధానము ఇది. తాతా, నీకు తుపాకి ఇచ్చినచో నీ ఊరిలో అందఱికంటె ముందుగా తుపాకి వచ్చునది నీ ఇంటికి గాదు. నూఱెకరములు గలవాని ఇంటికి, అధికారుల నెఱిగినవాని ఇంటికి. గట్టు తగాదా వచ్చిననాడు ఆ తుపాకి ఏ దిక్కునకు తిరుగునో లేవిడి చెప్పుచున్నది. ఎలుగు మాటకు వచ్చిన, అది పదిగజముల దూరమునుండి కబురు పంపి రాదు. పొదనుండి ఒక్కదూకున మీద పడును. మందు దట్టించి గుండు వేయు నాటు తుపాకి ఆ క్షణమున నీ దుడ్డుకఱ్ఱకంటె మేలుచేయదు. గాయపడిన ఎలుగు గాయపడని దానికంటె పగతో తిరుగును. అది చట్టమున మొదటి షెడ్యూలున రక్షింపబడిన జంతువు. ప్రాణరక్షణకై సద్బుద్ధితో చంపుట నేరము కాదని 1972 వన్యప్రాణి చట్టము చెప్పుచున్నను, వేటాడి చంపుట నేరమే. ఆంధ్రదేశమున పలుచోట్ల పందులకై పొలముచుట్టు పఱచిన విద్యుత్తీగలు మనుష్యులనే చంపుచుండుట నీవును వినియుందువు.

ఆయన అంతయు ఆలకించి, "ఇదంతా నిజిమే బావూ. అయితే మరి ఎవులొస్తారు మాకు?" అనెను.

ఆ ప్రశ్నవద్దనే నా పక్షము నిలిచియున్నది. మన ఆయుధముల చట్టము న్యాయమైనదని, టెక్సాసు మార్గము మనకు వలదని నేను దృఢముగా నమ్ముచున్నాను. కాని పౌరుని చేతినుండి తుపాకిని తీసికొన్న రాజ్యము ఆ తుపాకితోపాటు అతని భయమును కూడ తాను తీసికొన్నట్లే. ఆపద వచ్చినపుడు రావలెను. ఆపద తానే కారాదు. మా మేనమామగారు ఒక రసీదు కోసము గోనెపట్ట విప్పి తుపాకిని బల్లమీద పెట్టునపుడు, కొన్న మందుగుండునకెల్ల లైసెన్సు పుస్తకమున లెక్క చూపునపుడు, రాజ్యము ఆయనను నమ్మలేదని ఆయన చిన్నబుచ్చుకొనలేదు, నియమమని తలవంచిరి. అదే నియమమునకు రాజ్యము తన తుపాకిని గూర్చి తలవంచవలదా? ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన ఫిర్యాదులపై జాతీయ మానవహక్కుల సంఘము 1997లో ఎన్‌కౌంటరు మరణముల విషయమున మార్గదర్శకములు వెలువరించెను. 2014లో సుప్రీంకోర్టు, అట్టి ప్రతి మరణమునకు కేసు నమోదు కావలెనని, స్వతంత్ర విచారణ జరుగవలెనని, కాల్చిన పోలీసు తన ఆయుధమును పరీక్షకై అప్పగింపవలెనని ఆదేశించెను. పోలీసు తుపాకికి కూడ ఒక రసీదు ఉండవలెనన్నదే దాని తాత్పర్యము. జనసమూహముపై జరిపిన కాల్పులకు సయితము ఆ కట్టుబాటు అంతే నిష్కర్షగా అన్వయింపబడవలెను. ప్రతి తూటా ఎవరి ఆజ్ఞపై, ఏ తుపాకినుండి, ఏ దిక్కునకు వెడలినదో ప్రజలు చదువుకొనునట్లు, వారి భాషలో, ప్రకటింపబడవలెను. నిరాయుధులై కూడినవారికి రాజ్యాంగము చేసిన వాగ్దానమునకు ఇది కనీసపు చెల్లింపు.

ఇట్లనుట పోలీసులయందు ద్వేషముచేత గాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస తీరముపై విఱుచుకొనిపడి, ముప్పది నలువది యేండ్ల కొబ్బరిచెట్లను కూకటివ్రేళ్ళతో పెకలించి, జీడితోటలను నేలమట్టము చేసిన తరువాత, దారులకు అడ్డముగ పడిన మ్రాకులను కోసి తొలగించుచున్న ఖాకీ చొక్కాలవారిని నేను కన్నులార చూచితిని. ఆ చేతులలో ఆ దినమున రంపములుండెను. ఊరివారు వారికి కొబ్బరినీళ్ళు కొట్టి ఇచ్చిరి. ఉద్దానపు ప్రజ మంచిని మఱచునది గాదు. టెక్కలికి సమీపమున తేలినీలాపురమున ఏటేట దూరతీరములనుండి వచ్చు గూడబాతులను, ఎఱ్ఱకాళ్ళ కొంగలను శుభసూచకములుగ భావించి, ఇంటి ఆడపడుచులవలె కాపాడుకొనుచున్న జనులు వీరు. వీరు మృగముల వినాశనమును కోరరు, రాజ్యపు వినాశనమును కోరరు.

వీరి తరఫున నా విన్నపము చిన్నది. జీడికోత ఆరంభమైన నాటినుండి పనసపండ్లు ముగియువఱకు, మత్తుమందు తుపాకియు, దానిని ప్రయోగింపనేర్చిన పశువైద్యుడును, బోనును, వాహనమును గల ఒక బృందము పలాసలోనే మకాముండునట్లు అటవీశాఖవారు ఏర్పాటు చేయవలెను; ఏ రాత్రి పిలిచినను పలుకు ఫోను నంబరును మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట మండలముల ప్రతి గ్రామ సచివాలయపు గోడమీద తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. వచ్చు కోతకాలమునకు ముందే ఈ పని జరుగవలెనని జిల్లా కలెక్టరుగారిని, అటవీశాఖాధికారులను ప్రార్థించుచున్నాను.